టీవీ హాల్లో హెడ్‌ఫోన్: 25 వేల బడ్జెట్‌తో ఒక కేస్ స్టడీ

"అన్నా, హెడ్‌ఫోన్ నేనే చూసి పెట్టుకున్నా. దానికి ఏ ఆంప్ సరిపోతుందో ఒక్క మాట చెప్పు చాలు."

స్టూడియోలో నాతో పనిచేసే ఎడిటర్ వాళ్ల తమ్ముడు ఫోన్‌లో అన్న మొదటి మాట ఇది. ఆంప్ అంటే ఆంప్లిఫయర్, హెడ్‌ఫోన్‌కి శబ్దాన్ని బలంగా అందించే పెట్టె. నేను హైదరాబాద్‌లో డబ్బింగ్, మిక్సింగ్ పని చేస్తాను. పదహారేళ్లుగా రోజుకి ఏడెనిమిది గంటలు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి, తెలిసినవాళ్లలో ఎవరు ఏది కొనాలన్నా ఫోన్ నాకే వస్తుంది. డబ్బు తీసుకోను, కాఫీ మాత్రం తాగుతాను. ఏడాదికి ఓ పది పదిహేను కేసులు చూస్తాను. ఇది రాసి పెట్టుకోవడానికి కారణం, ఇందులో తప్పు చేసింది కుర్రాడు కాదు, నేను.

కుర్రాడికి ఇరవై ఆరేళ్లు. కూకట్‌పల్లిలో అమ్మానాన్నలతో ఉంటాడు. రోజూ రాత్రి తొమ్మిదికి వాలరెంట్ అనే షూటింగ్ గేమ్‌తో మొదలుపెట్టి పన్నెండు దాకా ఆడతాడు, మధ్యలో కౌంటర్ స్ట్రైక్ 2 కూడా. ఇంటి నుంచి ఆఫీసు పని చేసే రోజుల్లో పొద్దంతా పాటలు. ఎనభైల, తొంభైల సినిమా పాటలు, వాళ్ల తాతగారి వల్ల అబ్బిన కర్ణాటక కచేరీలు. బడ్జెట్ 25 వేలు. చేతిలో ఉన్నది రంగు లైట్ల గేమింగ్ హెడ్‌సెట్ ఒకటి. డబ్బా మీద "7.1 సరౌండ్" అని రాసి ఉంటుంది, కానీ లోపల ఉన్నవి మామూలుగా రెండే డ్రైవర్లు (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు), 3.5 మిల్లీమీటర్ల జాక్, సరౌండ్ కోసం ఒక సాఫ్ట్‌వేర్.

కంప్లెయింట్లు మూడు. గేమ్‌లో అడుగుల చప్పుడు ముందు నుంచి వస్తోందో వెనక నుంచి వస్తోందో తెలియడం లేదు. పాటలు "రేకు డబ్బాలో మోగినట్టు" ఉన్నాయి. ఏమీ మోగనప్పుడు కూడా లోపల సన్నగా జుయ్యిమని ఒక రొద.

వీడియోలన్నీ చూసి తను తేల్చుకున్నది బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్‌లది. ఓమ్‌లంటే కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డంకి. దాని పక్కన బరువైన డెస్క్‌టాప్ ఆంప్. "250 ఓమ్స్ కదన్నా, పెద్ద ఆంప్ లేకపోతే డ్రైవర్ నిద్ర లేవదట."

నిద్ర లేవడం అనే మాట నాకు సరదాగానే ఉంటుంది గానీ, లెక్కలోకి రాదు. డ్రైవర్‌కి కావలసినంత వోల్టేజీ, కరెంటు అందుతున్నాయా లేదా, అంతే. దాన్ని కొలవచ్చు. ఆదివారం వస్తానన్నాను. సంచిలో మల్టీమీటర్, ఒక 33 ఓమ్ రెసిస్టర్, నా దగ్గరున్న మూడు హెడ్‌ఫోన్లు, ఒక యూఎస్‌బీ డాంగిల్ (యూఎస్‌బీలో పెడితే హెడ్‌ఫోన్ జాక్ ఇచ్చే చిన్న ముక్క), ఒక చిన్న డాక్-ఆంప్ (డిజిటల్ శబ్దాన్ని మార్చే డాక్, ఆంప్ కలిసిన పెట్టె) వేసుకుని మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. ఆ టైము గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పని ఉంది.

ముందు సెట్టింగులు

కొనడం సంగతి తర్వాత, ముందు ఉన్నదాన్ని చూద్దామని హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. 7.1 ఆన్. విండోస్‌లోకి వెళితే అక్కడ విండోస్ సోనిక్ ఆన్. వాలరెంట్‌లోకి వెళితే హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్. మూడూ శబ్దాన్ని చుట్టూ తిప్పి వినిపించే ఏర్పాట్లే, మూడూ ఒకేసారి.

శబ్దం ఎటు నుంచి వచ్చిందో మన మెదడు రెండు మూడు ఆనవాళ్లతో పోల్చుకుంటుంది. కుడివైపు చప్పుడు కుడి చెవికి ముందు చేరి, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తగా చేరుతుంది. పూర్తిగా పక్క నుంచి వచ్చినా ఆ ఆలస్యం 0.7 మిల్లీసెకన్లకి అటూ ఇటూ మాత్రమే. కుడి ఎడమలకి ఇది చాలు. ముందు, వెనకల దగ్గరే చిక్కు. ఎదురుగా వచ్చినా, సరిగ్గా వీపు వెనక నుంచి వచ్చినా రెండు చెవులకీ ఒకేసారి చేరుతుంది. అక్కడ పనికొచ్చేది చెవి డొప్ప. దాని మడతలు పై స్థాయి శబ్దాల్ని దిశని బట్టి ఒక్కోలా కోసి లోపలికి పంపుతాయి. హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటే ఆ కోతని లెక్కగట్టి గేమే వేయడం. శత్రువు మ్యాప్‌లో ఎక్కడ నిలబడ్డాడో గేమ్‌కి తెలుసు కాబట్టి ఆ పని దానికే బాగా వస్తుంది.

ఆ లెక్కంతా అయ్యి బయటికొచ్చిన రెండు చానెళ్ల శబ్దాన్ని పట్టుకుని విండోస్ ఒకసారి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ ఒకసారి మళ్లీ గదిలో తిప్పుతున్నాయి. పోపు పెట్టిన చారుకి ఇంకో రెండుసార్లు పోపు పెట్టినట్టు. గేమ్‌లోది ఉంచి మిగతా రెండూ ఆపేశాను. కుర్రాడి ఫ్రెండ్‌ని కస్టమ్ గేమ్‌లోకి పిలిచి చుట్టూ నడవమని, వీణ్ణి కళ్లు మూసుకుని వేలు చూపించమన్నాను. మూడూ ఆన్‌లో ఉన్నప్పుడు ఇరవైకి పదకొండు కరెక్టు. గేమ్‌లోది ఒక్కటే ఉంచితే పదిహేడు. రూపాయి ఖర్చు లేదు.

"మరి ఇన్నాళ్లూ..." అని ఆగిపోయాడు. ర్యాంకు గురించి ఆలోచిస్తున్నాడని మొహంలో తెలుస్తూనే ఉంది.

జుయ్యిమనే రొద

దీనికి ఆంప్ మందు అని చాలామంది నమ్ముతారు. వీడూ నమ్మాడు. నేను అడిగిన ప్రశ్న వేరు. "కేబినెట్ ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమంటుందా?" "ఆ, చెప్పుల్లేకుండా ఉంటే అప్పుడప్పుడు. అందరిళ్లలో అంతే కదా?"

అందరిళ్లలో అంతే, అదే బాధ. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లయ్ డబ్బా) లోపల కరెంటు రొదని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ కేబినెట్‌తో ముడిపెడతాయి. మూడో పిన్నుకి నిజంగా ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ తెగి ఉంటే కేబినెట్ 230 వోల్టుల్లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి షాక్ కొట్టదు, జివ్వుమంటుంది. మీటరు పెడితే కేబినెట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 98 వోల్టులు. (ఈ కొలత అలవాటు లేనివాళ్లు చేయకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.) పైగా పీసీ నుంచి టీవీకి ఒక హెచ్‌డీఎంఐ వైరు, టీవీ నుంచి సెట్‌టాప్ బాక్సుకి, అక్కడి నుంచి వీధిలోని కేబుల్ వైరుకి. ఎర్త్ దొరకని లీకేజీ ఆ దారి వెతుక్కుంది. హెచ్‌డీఎంఐ పీకగానే రొద సగం తగ్గింది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు విప్పితే ఎర్త్ వైరు లోపల ఊడి వేలాడుతోందట. పనికి ఆరు వందలు తీసుకున్నాడు. రొదలో ఎక్కువ భాగం అక్కడితో పోయింది. మిగిలిన కొంచెం కేబినెట్ ముందువైపు జాక్‌ది. మదర్‌బోర్డు నుంచి ముందుకొచ్చే ఆ సన్నని వైరు గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్ల పక్క నుంచి వస్తుంది, మౌస్ కదిపినా అందులో కిర్రుకిర్రుమంటుంది. వెనక జాక్‌లో పెడితే అదీ లేదు.

ఇక ఓమ్‌ల లెక్క

వెనక జాక్ ఎంత ఇస్తుందో కొలిచాం. 50 హెర్ట్జ్ సైన్ టోన్, ఫుల్ వాల్యూమ్. చవక మల్టీమీటర్లు ఇళ్ల కరెంటు కొలవడానికే చేస్తారు కాబట్టి 50 హెర్ట్జ్ దగ్గర నమ్మకంగా చూపిస్తాయి, 1000 హెర్ట్జ్ దగ్గర చాలావాటిని నమ్మలేం. ఏమీ తగిలించకుండా 1.1 వోల్టులు వచ్చింది. 33 ఓమ్ రెసిస్టర్ అడ్డం పెట్టగానే 0.35కి పడిపోయింది. అంటే జాక్ లోపలే దాదాపు 71 ఓమ్‌ల అడ్డంకి ఉంది. మదర్‌బోర్డు జాకుల్లో ఇది కొత్తేమీ కాదు, స్పీకర్లకి పంపేటప్పుడు దానివల్ల నష్టమూ లేదు. హెడ్‌ఫోన్ తగిలిస్తేనే లెక్క మారుతుంది.

వాడి ముందే కాగితం మీద వేశాను. కంపెనీ ఇచ్చే సెన్సిటివిటీ అంకె అంటే, ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ మోగుతుందని. పవర్ అంటే వోల్టేజీ వర్గాన్ని ఓమ్‌లతో భాగించడం. ఇంటర్ లెక్కే.

డీటీ 990 ప్రో, 250 ఓమ్‌లు, 96 డెసిబెల్స్. ఈ జాక్ మీద దాని వాటాకి వచ్చేది 0.86 వోల్టులు, దాదాపు 3 మిల్లీవాట్లు. అంటే గరిష్ఠంగా ఇంచుమించు 101 డెసిబెల్స్.

హైఫైమాన్ హెచ్ఈ400ఎస్ఈ, 32 ఓమ్‌లు, 91 డెసిబెల్స్. "ఇది 32 ఓమ్స్ కదన్నా, ఫోన్‌కి పెట్టినా మోగుతుంది" అన్నాడు. దాని వాటాకి వచ్చేది 0.34 వోల్టులు మాత్రమే, మిగతాదంతా జాక్ లోపలి 71 ఓమ్‌లు మింగేస్తాయి. చివరికి 97 డెసిబెల్స్‌కి కూడా చేరదు. అంటే "తేలిక" అనుకున్న 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్, "బరువు" అనుకున్న 250 ఓమ్‌ల దానికంటే మెల్లగా మోగుతుంది.

వాడు కాగితం తీసుకుని మళ్లీ వేసుకున్నాడు. అదే జవాబు వచ్చింది.

ఓమ్‌లు చూసి ఆంప్ కావాలా వద్దా అని తేల్చడం ఇక్కడే బెడిసికొడుతుంది. ఓమ్‌లు ఎక్కువున్నవి వోల్టేజీ అడుగుతాయి. ప్లేనార్ (హెచ్ఈ400ఎస్ఈ లాంటి పల్చటి పొర డ్రైవర్లు) లాంటి తక్కువ ఓమ్‌లు, తక్కువ సెన్సిటివిటీ ఉన్నవి కరెంటు అడుగుతాయి. 110 డెసిబెల్స్ గరిష్ఠం కావాలంటే డీటీ 990కి 2.5 వోల్టులు, 10 మిల్లీయాంపులు సరిపోతాయి. హెచ్ఈ400ఎస్ఈకి 1.6 వోల్టులే చాలు, కానీ 50 మిల్లీయాంపులు కావాలి. చిన్న డాంగిల్స్ కొన్ని తడబడేది ఆ కరెంటు దగ్గరే.

110 దేనికి, చెవులు పోవా అని అడిగాడు. మంచి ప్రశ్నే. మనం వినేది సగటున 70, 75 డెసిబెల్స్ దగ్గర. కానీ పాటలో మృదంగం దెబ్బ, గేమ్‌లో తుపాకీ పేలుడు సగటుకంటే 15, 20 డెసిబెల్స్ పైకి లేస్తాయి. పాత రికార్డింగులు ఇప్పటివాటికంటే తక్కువ లెవెల్లో ఉంటాయి, వాటికి ఇంకో పది. ఈక్యూలో (బాస్, ట్రెబుల్ లాంటివి విడివిడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌లో) ఏదైనా పెంచాలంటే ముందు మొత్తం తగ్గించుకోవాలి, దానికి ఇంకో ఆరు. ఇవన్నీ కలిపితే 110 అనేది పెట్టుకోదగ్గ లక్ష్యం. అది జేబులో ఉండాలి గానీ రోజూ ఖర్చు పెట్టేది కాదు.

నా తప్పు

ఇంతవరకు కొలిచి, నా సంచిలోని మూడింటినీ వినిపించి, నేనిచ్చిన తీర్పు సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్. ఓపెన్ బ్యాక్, 120 ఓమ్‌లు, (మిల్లీవాట్‌కి కాదు) ఒక వోల్టుకి 110 డెసిబెల్స్ అని కంపెనీ లెక్క. వాడు అడిగిన డీటీ 990లో పైన 8 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక పదును ఉంటుంది. గేమ్‌లో అడుగులు, గాజు పగలడం బాగా పట్టిస్తుంది గానీ, పాత పాటల్లో గాయని "స" అన్నప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటుంది. 560ఎస్‌లో గొంతు నిండుగా, అసలు ఎక్కడుండాలో అక్కడ ఉంటుంది. కచేరీ పెట్టాను. వయొలిన్ ఒక పక్కన, మృదంగం మరో పక్కన విడివిడిగా కూర్చున్నాయి. తొలిసారి మృదంగం వలంతల (కుడి మూత), తొప్పి (ఎడమ మూత) రెండూ వేరువేరుగా వినిపించాయన్నాడు. వాడి పాత హెడ్‌సెట్‌లో కింది బాస్ పొంగి రెంటినీ ఒకే ముద్ద చేసేది.

బాగుంది కదా అని వారం రోజులు వాడి చూడమని నాదే ఇచ్చి వచ్చాను. నాలుగో రోజు ఫోన్. "అన్నా, పాటలకి అద్భుతం. గేమ్ ఆడలేకపోతున్నా."

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్లాను. తలుపు తీయగానే అర్థమైంది. పీసీ ఉన్నది హాల్లో, టీవీకి ఆరడుగుల దూరంలో. వాళ్లమ్మగారు సీరియల్ చూస్తున్నారు, వాళ్ల నాన్నగారికి చెవులు కాస్త మందం కాబట్టి వాల్యూమ్ ఎక్కువే. పైన ఫ్యాను నాలుగు మీద. వంటింట్లో కుక్కర్. నేను ఆదివారం మూడింటికి వచ్చినప్పుడు టీవీ కట్టేసి ఉంది, పెద్దవాళ్లు నిద్రపోతున్నారు. ఫోన్ యాప్‌లో ఆ రోజు 43 చూపించిన హాలు ఇప్పుడు 62 చూపించింది. యాప్ అంకెని అక్షరాలా నమ్మకూడదు, కానీ అదే ఫోన్, అదే చోటు కాబట్టి ఆ తేడాని నమ్మొచ్చు.

ఓపెన్ బ్యాక్ అంటే కప్పుల వెనక జాలీ. లోపలి శబ్దం బయటికి పోతుంది, బయటిది లోపలికి వస్తుంది. అది లోపం కాదు, దాని వాటం. సెన్‌హైజర్ కంపెనీయే 1968లో హెచ్‌డీ 414తో ఆ పద్ధతిని జనాల్లోకి తెచ్చింది, ప్రశాంతంగా ఉండే గదుల్లో దానికి సాటి లేదు. సీరియల్ నడిచే హాల్లో మాత్రం అత్తగారి అరుపులు వాలరెంట్ మ్యాప్‌లోకి వచ్చేస్తాయి. వీడు దాన్ని ముంచడానికి వాల్యూమ్ పెంచుతున్నాడు. నా కొలత మైకుని కప్పు లోపల ఇరికించి చూస్తే సగటు 84 దగ్గర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ టైము సగానికి పడుతుంది. 84 దగ్గర వారానికి 16 గంటలే, వీడు పాటలతో కలిపి ముప్పై దాటుతున్నాడు.

ఎన్ని ఓమ్‌లో, ఎన్ని వోల్టులో అన్నీ అడిగాను. ఎక్కడ కూర్చుని, ఏ టైముకి వింటావని అడగలేదు. స్టూడియోలో పనిచేసేవాడి జబ్బు ఇది, మా గదులు ఎప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటాయి. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా నా మొదటి ప్రశ్న, "నువ్వు ఆడే టైముకి ఆ గదిలో ఇంకా ఎవరుంటారు?"

క్లోజ్డ్ బ్యాక్‌కి మార్చాం

పీసీని పడకగదిలోకి మార్చొచ్చు కదా అన్నాను. అక్కడ ఏసీ సాకెట్ తప్ప ఇంకోటి లేదు, వైఫై అందదు. సరే, హెడ్‌ఫోన్నే మారుద్దామనుకున్నాం. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్‌లది. ఈ మోడల్ 1980ల నుంచి ఉంది, మా స్టూడియో డబ్బింగ్ గదిలో ఒకటి పదేళ్లుగా దెబ్బలు తింటూ బతుకుతోంది. కప్పులు మూసి ఉంటాయి, ప్యాడ్లు మెత్తని వెల్వెట్ గుడ్డవి. మన ఎండల్లో రెక్సిన్ ప్యాడ్లు చెమటకి అతుక్కుని ఏడాదిలో పొట్టు రాలతాయి. గుడ్డవి ఆ విషయంలో నయం. అరిగిపోతే విడిగా దొరుకుతాయి కూడా.

దీంట్లోనూ 990 అన్నదమ్ముల పోలిక ఉంది, అదే పై పదును. కాబట్టి ఈక్యూ తప్పదు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అని ఉచితంగా దొరుకుతుంది, దానికి పీస్ అనే ముందుతెర పెట్టుకుంటే స్లైడర్లతో పని. 8 వేల దగ్గర 5 డెసిబెల్స్, అడుగు బాస్‌లో 2 డెసిబెల్స్ తగ్గించాం. పెంచింది ఏమీ లేదు, తగ్గించడమే కాబట్టి శబ్దం పగిలే భయం లేదు, లెవెల్ వృథా కాదు. పాటలకి ఈ సెట్టింగు, గేమ్‌కి పై కోత సగమే ఉన్న ఇంకో సెట్టింగు. పదును కొంత ఉంటే అడుగులు తేలిగ్గా పట్టుబడతాయని వాడి వాదన. ఆడేది వాడు కాబట్టి సరేనన్నాను.

ఒక చిన్న చిక్కు కళ్లజోడుది. లావు ఫ్రేము కాడలు ప్యాడ్‌ని పైకి లేపి గాలి సందు చేస్తున్నాయి. క్లోజ్డ్ బ్యాక్‌లో ఆ సందు పడితే బాస్ అంతా కారిపోతుంది. కళ్లజోడు తీసి వింటే నిండుగా, పెట్టుకుంటే పల్చగా. "బాస్ లేదు, డబ్బు దండగ" అని క్లోజ్డ్ బ్యాక్‌ని తిరిగి పంపేసేవాళ్లలో కళ్లజోడువాళ్లు ఎంతమందో అని నాకో అనుమానం. వీడు సన్న కాడల జోడు ఒకటి పాతది వెతికి తీశాడు.

అదే రాత్రి, అదే సీరియల్, అదే ఫ్యాను. మా స్టూడియో 770ని పెట్టి తనకి నచ్చిన వాల్యూమ్ పెట్టుకోమన్నాను. మైకు 76 చూపించింది. ఎనిమిది డెసిబెల్స్ తగ్గించింది వాడే, తనకి తెలియకుండానే.

ఇప్పుడు ఆంప్

80 ఓమ్‌లు, 96 డెసిబెల్స్. 110 కావాలంటే 25 మిల్లీవాట్లు, అంటే 1.4 వోల్టులు, 18 మిల్లీయాంపులు. మదర్‌బోర్డు జాక్ మీద 102 దాకానే వస్తుంది. ఇప్పటి పాటలకి చాలు, పాత కచేరీలకి కొంచెం తక్కువ. జాక్ లోపలి అడ్డంకి ఇంకో పని కూడా చేస్తుంది. మామూలు డైనమిక్ డ్రైవర్ ఓమ్‌లు అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉండవు, బాస్ దగ్గర ఒక గుట్టలా పెరుగుతాయి. 71 ఓమ్‌ల జాక్ వెనకుంటే ఆ గుట్ట దగ్గర బాస్ ఉబ్బుతుంది. అందుకే జాక్ అడ్డంకి హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకూడదని మా వాళ్లు మోటు లెక్క ఒకటి పెట్టుకున్నారు. ఇక్కడ పది ఓమ్‌ల లోపు.

నా అవసరాల చీటీ ఇంతే అయ్యింది: 80 ఓమ్‌ల మీద కనీసం ఒకటిన్నర వోల్టు, పదిలోపు అడ్డంకి. దానికి వెయ్యి రూపాయల డాంగిల్ దాదాపు సరిపోతుంది. నా సంచిలోది ఒక వోల్టు ఇస్తుంది, అంటే 107 డెసిబెల్స్.

కుర్రాడి మొహం వాడిపోయింది. పెద్ద ఆంప్ కలగన్నాడు పాపం. "కానీ అన్నా, ఆ రోజు మీ డాక్-ఆంప్‌లో విన్నప్పుడు తేడా క్లియర్‌గా తెలిసింది. బాస్ దిట్టంగా ఉంది." తెలుస్తుంది, ఎందుకంటే అది ఆ రోజు మూడు డెసిబెల్స్ ఎక్కువ మోగింది. కాస్త పెద్దగా మోగినదే మనకి బాగున్నట్టు వినిపిస్తుంది, నాకూ అంతే. అందుకని మీటరుతో రెంటి వోల్టేజీ సమం చేసి, వాడికి వీపు తిప్పించి, డాంగిల్, డాక్-ఆంప్ మార్చి మార్చి పదిసార్లు వినిపించాను. ఆరు సార్లు కరెక్టుగా చెప్పాడు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

చివరికి వాడు కొన్నది డాంగిల్ కాదు. బల్ల మీద కూర్చునే, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే చిన్న డాక్-ఆంప్, ఆరు వేలకి. కారణం శబ్దం కాదు, నాబ్. వాళ్లమ్మగారు పిలిచినప్పుడు ఆల్ట్-ట్యాబ్ కొట్టి వాల్యూమ్ వెతికే బదులు చెయ్యి చాచి తిప్పేయొచ్చు. నేను కాదనలేదు. రోజుకి ఇరవైసార్లు తాకే వస్తువుకి మంచి నాబ్ ఉండటం విలువైన సంగతే. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు, ఆర్నెల్లకోసారి మారిపోతాయి. చీటీలోని రెండు అంకెలు చూసుకుంటే చాలు. 80 ఓమ్ లోడుతో దాని మీద 2.4 వోల్టులు కొలిచాను.

బ్లూటూత్ మాట కూడా వచ్చింది, త్వరగానే పోయింది. మామూలు బ్లూటూత్‌లో శబ్దం తెర మీది బొమ్మ కంటే ఒకటీ రెండు వందల మిల్లీసెకన్లు వెనకబడటం మామూలే, షూటింగ్ గేముల్లో అది చావే. మైక్ ఆన్ చేయగానే చాలావాటిలో పాట టెలిఫోన్ గొంతులోకి దిగిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చేవి ఆ ఇబ్బందులు చాలావరకు దాటాయి, కానీ ఈ బడ్జెట్లో వాటి డబ్బు రేడియోకీ బ్యాటరీకీ పోతుంది, డ్రైవర్‌కి మిగిలేది తక్కువ.

770కి మైక్ ఉండదు. బల్ల మీద పెట్టే మైక్ కొంటే సీరియల్ మొత్తం టీమ్‌కి ప్రసారమవుతుంది. నోటికి రెండంగుళాల దూరంలో ఉండే, కప్పుకి అతికించే సన్న మైక్ పన్నెండు వందలకి దొరికింది. దగ్గరగా ఉంటే గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే మోతాదు) తక్కువ చాలు, గెయిన్ తక్కువైతే టీవీ కూడా తక్కువే వినిపిస్తుంది. డాక్-ఆంప్‌లో మైక్ దారి లేదు కాబట్టి దాన్ని వెనక గులాబీ జాక్‌లో పెట్టాం. ఎర్త్ బాగుచేయించకముందు ఇదే పని చేసి ఉంటే టీమంతా ఆ జుయ్యి వినేది.

బిల్లు ఇలా తేలింది: హెడ్‌ఫోన్ మేం కొన్న రోజు ఆఫర్లో 13,500, డాక్-ఆంప్ 6,000, మైక్ 1,200, ఎలక్ట్రీషియన్ 600. మొత్తం 21,300.

నాలుగు నెలల తర్వాత

కంప్లెయింట్ ఒకటి మిగిలింది. కచేరీ వింటే 560ఎస్‌లో హాలు ముందు వరసలో కూర్చున్నట్టు ఉండేదని, ఇందులో విద్వాంసులు చెవి పక్కకొచ్చి కూర్చున్నట్టు ఉందని. నిజమే, క్లోజ్డ్ బ్యాక్‌లో ఆ విశాలం ఈక్యూతో రాదు. మిగిలిన 3,700కి ఇంకొంత కలిపి పాత ఓపెన్ బ్యాక్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూడమన్నాను, పొద్దున పూట టీవీ లేనప్పుడు వినడానికి. ఇంకా దొరకలేదు. ఆదివారాలు మా ఇంటికి వచ్చి నాది పెట్టుకుంటున్నాడు.

పోయిన నెల ఎడమ వైపు వస్తూ పోతూ ఉందని తెచ్చాడు. డ్రైవర్ పోయిందని భయం. 80 ఓమ్‌ల మోడల్‌కి మూడు మీటర్ల తిన్నని కేబుల్, హెడ్‌ఫోన్‌లోంచి ఊడిరాదు. అది నేల మీద పడి ఉంటే కుర్చీ చక్రం దాని మీదుగా తిరుగుతోంది, జాక్‌కి నాలుగంగుళాల అవతల నలిగిపోయింది. నలిగినంత మేరా కోసేసి, తీగల మీది లక్క పూత కాల్చి, కొత్త జాక్‌కి సోల్డర్ చేశాను. కొసకి ఎడమ, మధ్య రింగుకి కుడి, కింది గొట్టానికి రెంటి ఉమ్మడి తీగ. మీటరు పెడితే రెండు వైపులా 80కి దగ్గరగానే చూపించింది. కేబుల్‌ని బల్ల కాలికి రెండు క్లిప్పులతో కట్టుకోమని పంపించాను. కట్టాడో లేదో ఈ ఆదివారం అడగాలి.